దెల్ఫినా వదిన డాలర్ల తలకట్టు

మా దెల్ఫినా వదిన లతకుంగ రోడ్డు పక్కన నిలబడి, దుమ్ము రేపుకుంటూ పోయే బస్సులో నాలుగో వరస కిటికీ దగ్గర కూర్చున్నవాడి జేబులోని డాలరు బిళ్ళ వెనక గద్ద ఉందో గుర్రం ఉందో చెప్పేస్తుంది. బస్సు ఆగక్కర్లేదు. ఆ మనిషి జేబులో చెయ్యి పెట్టక్కర్లేదు. వదిన ముక్కు కాస్త పైకెత్తి, "గద్దే, పోనీ" అంటుందంతే. ఆ బస్సులో చార్జీలు వసూలు చేసేవాణ్ణి నేనే కాబట్టి నాకు తెలుసు. నమ్మనివాళ్ళు మా ఊరు పుహిలీ వచ్చి అడగండి. ఊళ్ళో సగం మంది అవునంటారు. మిగతా సగం మంది నా చుట్టాలు కారు.

వదిన అంటే మా పెద్దనాన్న కొడుకు ఒల్మేదో పెళ్ళాం. ఒల్మేదో అన్న తాపీమేస్త్రి. ఆయన కట్టిన గోడ భూకంపానికి కూడా కదల్లేదు కానీ, ఆయన నోట్లోంచి మాట రావాలంటే మాత్రం భూకంపమే రావాలి. ఆ లోటు వదిన తీరుస్తుంది. సంతలో ఆవిడది చోచో గింజల బండి. ఆ గింజలు ఊరికే తినే రకం కావు, విషం లాంటి చేదు. ఉడకబెట్టి, గోనెసంచిలో కట్టి, పారే వాగులో రోజుల తరబడి పడేస్తే కానీ దారికి రావు. వదిన దగ్గరికొచ్చేసరికి అవి వెన్నలా ఉంటాయి. పైన వేయించిన మొక్కజొన్న, ఉల్లిపాయ, నిమ్మకాయ, కరకరలాడే పందితోలు ముక్క. ఆ పొట్లం కోసం మా డ్రైవరు స్టాపు కాని చోట బస్సు ఆపుతాడు. ఇది అబద్ధం కాదు, దీనికి పోలీసువాళ్ళ చీటీ కూడా ఉంది.

డాలర్ల సంగతి చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి.

మా దేశపు డబ్బు సూక్రేలు పోయి అమెరికా డాలర్లు వచ్చిన కొత్తలో ఊరంతా మొహాలు వేలాడేసుకుని తిరిగింది. నోట్ల మీద ఎవరో జుట్టు దువ్వుకున్న ముసలాళ్ళు, వాళ్ళెవరో మాకు తెలీదు, మేమెవరో వాళ్ళకి తెలీదు. అప్పుడొచ్చింది బంగారు రంగు డాలరు బిళ్ళ. దాని మీద మన పిల్ల. నిజంగా మన పిల్లే. ఆ చెంప ఎముకలూ, భుజం మీంచి వెనక్కి తిరిగి చూసే చూపూ, వీపుకి గుడ్డతో కట్టుకున్న పసివాడూ. సంతలో ఆడవాళ్ళు బిళ్ళ చేతిలో పెట్టుకుని, ఇది పై ఊరి వాళ్ళ అమ్మాయి, కాదు కింది ఊరి వాళ్ళ కోడలు అని దెబ్బలాడుకున్నారు. ఆవిడ అమెరికాలో ఏదో తెగ అమ్మాయని బళ్ళో మేష్టారు చెప్పాడు. మా అమ్మ ఒప్పుకోలేదు. "ఆ గుడ్డ కట్టిన పద్ధతి చూడండి మేష్టారూ, అది మన సాకిసిలీ ఊరి కట్టు" అంది.

ఆ రోజు నుంచీ మాకు కాగితం డాలరంటే అనుమానం, బిళ్ళ డాలరంటే ప్రాణం. కాగితం చిరుగుతుంది, చోచోల నీళ్ళకి తడుస్తుంది, దొంగదేమోనని ఎండకేసి పట్టుకోవాలి. బిళ్ళకి ఆ బాధ లేదు, ముందు తల్లీబిడ్డా, వెనక రెక్కలు చాపిన గద్ద. అమెరికాలో ఈ బిళ్ళని ఎవరూ జేబులో పెట్టుకోరని అక్కణ్ణించి వచ్చినవాళ్ళు చెబితే, పాపం వాళ్ళకి మంచి జేబులు లేవేమో అనుకున్నాం.

తర్వాత కొన్నేళ్ళకి, ఓ ఆదివారం సంతలో, వదిన పక్క బండి ఎర్మెలిందా నెత్తి కొట్టుకుంది. ఎర్మెలిందా ఉల్లిపాయలమ్ముతుంది, గొంతు మాత్రం మైకు పెట్టినట్టుంటుంది.

"చూసుకోకుండా తీసుకున్నాను దెల్ఫినా. దొంగ డాలరు అంటగట్టి పోయాడు చచ్చినోడు."

"ముందు వైపు బానే ఉందిగా."

"వెనక చూడు. గద్ద లేదు. ఎవరో ఆడమనిషి వంగి ఉంది. డాలరు మీద ఎక్కడైనా పొలం పని చేస్తారా?"

వదిన బిళ్ళ తీసుకుని ఎండలోకి తిప్పింది. మొక్కజొన్న మొక్కలు, చిక్కుడు, కింద గుమ్మడిపాదు, మధ్యలో ఓ ఆడమనిషి వంగి విత్తనాలు నాటుతోంది. వదిన ఎంతసేపు చూసిందంటే, ఎదురుగా నిలబడ్డవాడి చోచోలు చల్లారిపోయాయి. అవి ముందునుంచీ చల్లగానే ఉంటాయనుకోండి.

"ఎర్మెలిందా, ఇది మా పై చేను."

"నీ చేనే అయితే నువ్వే ఉంచుకో. నాకు గద్ద ఉన్నది ఇవ్వు."

వదిన గద్ద డాలరిచ్చి, మొక్కజొన్నావిణ్ణి శాలువా మడతలో దాచుకుంది. మర్నాడు బ్యాంకువాళ్ళు, అవీ అసలు డాలర్లే, ఇకమీదట వెనక బొమ్మ మారుతూ ఉంటుంది అన్నారు. ఎర్మెలిందా పరిగెత్తుకొచ్చింది.

"నా మొక్కజొన్నావిణ్ణి నాకిచ్చెయ్."

"దొంగది అన్నావు కదే."

"ఇప్పుడు కాదంటున్నా."

"ఇప్పుడు నాదంటున్నా."

అలా మొదలైంది. బ్యాంకు ఎంత చెప్పినా మా సంత చెవికెక్కలేదు. గద్ద లేని డాలరు కనబడితే చాలు, "పో, దెల్ఫినా దగ్గరికి పో, ఆవిడ పిచ్చి డాలర్లు తీసుకుంటుంది" అని పంపేవారు. మాంసం కొట్టువాడు పంపాడు, చెప్పులవాడు పంపాడు, పాదిరిగారు కూడా హుండీలో పడినదొకటి తెచ్చి, మొహమాటంగా, గద్ద ఉన్నది ఉందా అమ్మా అన్నాడు. వదిన అందరికీ గద్దనిచ్చి, పిచ్చి డాలరు తీసుకుని, ఒక గుప్పెడు చోచోలు కొసరేసేది. ఊరు ఆవిణ్ణి చూసి నవ్వుకుంది. నేను అందరికంటే గట్టిగా నవ్వాను, నా నోరే పెద్దది కాబట్టి.

వదినకి ఇంగ్లీషు రాదు. ఆ బిళ్ళల మీద ఏం రాసుందో ఆవిడకి అక్కర్లేదు. బొమ్మ చూసి పేరు పెట్టేది. ఐదు బాణాలు కలిపి కట్టినది అన్నదమ్ములు. రెండు చేతులు పొగ పీల్చే గొట్టం అందిపుచ్చుకునేది వియ్యంకులు. తోడేలూ తాబేలూ టర్కీకోడీ ఒకే బిళ్ళ మీద ఉన్నది పంచాయితీ. ఇనుప దూలం పట్టుకుని గాల్లో ఉన్న మనిషి ఒల్మేదో, ఎందుకంటే అన్న కూడా పరంజా మీద అలాగే ఉంటాడు, కిందికి రమ్మంటే పలకడు. సైనికుల టోపీలు రెండున్నది బోర్లించిన చట్లు. రాకెట్టు ఎగురుతుంటే లెక్కలు రాసుకుంటున్న అమ్మాయి ఉన్నది నన్ను ఏడిపించడానికి పనికొచ్చేది. "ఒరేయ్, ఈ పిల్ల బడి మానలేదు" అనేది.

మనిషి బొమ్మలున్న వేరే డాలర్లూ వచ్చేవి. అమెరికాని ఏలిన పెద్దలట, ఒక్కో బిళ్ళకి ఒక్కో మొహం. నేను ఆశగా తీసుకెళ్ళి చూపిస్తే వదిన వేలితో పక్కకి తోసేసేది.

"తాతలు. వద్దు."

"ఎందుకు వదినా, మొహాలు మారుతున్నాయి కదా."

"వీళ్ళలో ఒక్కడైనా బిడ్డని ఎత్తుకున్నాడా?"

రోజూ ఆఖరి ట్రిప్పు దిగ్గానే నా చార్జీల సంచి ఆవిడ ఒళ్ళో. గింజల్లోంచి రాళ్ళేరినట్టు అన్నిటినీ వెనక్కి తిప్పి, వేలితో చకచకా దొర్లిస్తూ, కొత్తది కనబడితే మాట్లాడకుండా పక్కన పెట్టేది. ఆ పక్కన పెట్టడం చూస్తే చాలు, నాకే ఎవరో దండేసినట్టుండేది. గుర్రమున్న డాలరు నేనే తెచ్చాను, ఈ సంగతి ఊళ్ళో ఎవరూ సరిగ్గా ఒప్పుకోరు. న్యూయార్కు నుంచి పండక్కి వచ్చినామె పర్సులో కనిపించింది. ఇవ్వమంటే, గుర్తుగా ఉంచుకున్నా ఇవ్వనంది. నేను లతకుంగ నుంచి పుహిలీ దాకా బతిమాలాను. లాభం లేక వదిన బండి దగ్గర బస్సు ఆపించాను. వదిన పొట్లం కట్టి ఆమె చేతిలో పెట్టింది. ఆమె ఒక పిడికెడు నోట్లో వేసుకుంది, రెండోది వేసుకుంది, కళ్ళు మూసుకుంది, ఎన్నాళ్ళయిందో అంది, గుర్రాన్ని తీసి వదిన దోసిట్లో పెట్టింది. నా బతిమాలాట లేకపోతే ఆ కళ్ళు మూసుకునేవా, మీరే చెప్పండి.

ఈ డాలర్లన్నీ ఏం చేసుకుంటావని అడిగితే, "చూసుకుంటా" అనేది. అలాగే చూసుకుంటూ ఉండిపోయేదేమో. పోయిన ఏడు గుడి దగ్గర జరిగే కోర్పుస్ పండక్కి ఒల్మేదో అన్నకి దన్సాంతే ఆడే వంతు వచ్చింది.

అది వాన కోసం ఆడే ఆట. కాళ్ళకి గజ్జెలు, వీపున రంగురంగుల రిబ్బన్లు, నెత్తిన తలకట్టు. తలకట్టంటే ఏదో టోపీ అనుకునేరు. రెల్లు చట్రం మీద గుడ్డ బిగించి, అద్దాలూ పూసలూ ఈకలూ, తాతలనాటి వెండి సూక్రేలూ కుట్టి నిలబెడతారు. దాన్ని మోస్తూ ఆడటమంటే నెత్తిన చిన్న గుడి పెట్టుకుని రాళ్ళ బాట మీద చిందెయ్యడమే. మా ఇంటివాళ్ళెవరు ఆడినా అద్దె తలకట్టే. మా పెద్దనాన్న ఆడినప్పుడు కూడా అంతే. పండగ అయిన మర్నాడు పొద్దున్నే అద్దెవాడు తలుపు కొట్టి పట్టుకుపోతే, నిన్నటిదాకా దేవుడల్లే ఉన్న మనిషి ఉత్తి బోడితలతో గుమ్మంలో నిలబడేవాడు. కొత్త కోడలిగా వదిన అది చూసింది.

అన్న పేరు ఖాయమైన వారం, మేం ముగ్గురం సూప్ తాగుతున్నాం. వదిన అంది, "అద్దె తలకట్టువాడికి చెప్పేశాను."

"ఏమని?" అన్నాడు అన్న.

"మాకక్కర్లేదని. వేరే ఊరివాళ్ళకి ఇచ్చేసుకోమన్నాను. నేనే కుడతాను, నా డాలర్లతో."

అన్న చెంచా కింద పెట్టాడు. ఆయనకది ఉపన్యాసంతో సమానం. "రొసెందో తాత ఒప్పుకోకపోతే?"

"బోడితలతో ఆడు."

"బోడితలతో ఆడనివ్వరు."

"అయితే ఒప్పుకుంటాడు."

రొసెందో తాత అంటే ఆటగాళ్ళందరికీ పెద్ద. ఏ తలకట్టు చౌకులోకి పోవాలో, ఏది ఇంట్లో ఉండాలో ఆయన మాటే ఆఖరు. అడుగు తప్పితే ఆయన కళ్ళు మూసుకుని కూడా, గజ్జెల చప్పుడుని బట్టి పట్టేస్తాడు. ఆయన గదమాయిస్తే మా కోతోపాక్సీ అగ్నికొండ కూడా పొగ మింగుతుందని నేను బస్సులో చెబుతుంటాను.

వదిన కుట్టడం మొదలెట్టింది. సూక్రేలకైతే చిల్లు పెట్టి కుడతారు. రేకులు కొట్టేవాడు కూడా అదే చెప్పాడు, "చిల్లు పెట్టించు అక్కా, చిటికెలో పని."

"ఆవిడ నుదుటికా?"

"మరెక్కడ పెట్టమంటావు?"

"ముందు నీ నుదుటికి పెట్టించుకో, నొప్పి లేకపోతే అప్పుడు చూద్దాం."

చివరికి కరెంటు వైరు ఒలిచి, లోపలి సన్న రాగితీగ తీసి, ఒక్కో బిళ్ళ అంచు చుట్టూ గాజులా బిగించి, పైనొక కొక్కెం కిందొక కొక్కెం తిప్పింది. ఆ రెంటినీ గుడ్డకి కుట్టింది. పని మొదలెట్టగానే ఒక ప్రశ్న వచ్చింది, కానీ ఆవిడకది ప్రశ్నలా కనబడలేదు. అన్ని బిళ్ళలకీ ముందు వైపు ఒకటే బొమ్మ, ఆ తల్లీబిడ్డా. మారేది వెనక వైపు. ఇన్నేళ్ళూ ఏరి పెట్టుకున్నది వెనక వైపునే. కాబట్టి అన్నిటినీ వెనక వైపు బయటికి ఉండేలా కుట్టేసింది. మొక్కజొన్నావిడ నడినెత్తిన, గుర్రం కుడివైపు, పంచాయితీ ఎడమవైపు, చుట్టూ అన్నదమ్ములూ వియ్యంకులూ చట్లూ, మధ్యమధ్యలో అద్దాలు. పూర్తయ్యాక పెరట్లో ఎండలో నిలబెడితే, పక్క ఊరి కోళ్ళు మళ్ళీ తెల్లారిందనుకుని కూశాయి. ఒక్క కోడి పొరపాటున రెండోసారి గుడ్డు కూడా పెట్టింది.

పండగ రెండ్రోజుల్లో ఉందనగా రొసెందో తాత వచ్చాడు. చేతికర్ర గోడకి ఆన్చి, తలకట్టు చుట్టూ తిరిగాడు. ఒకసారి తిరిగాడు, మళ్ళీ తిరిగాడు. వదిన చేతులు కట్టుకుని నిలబడింది. ఆవిడ మొహం చూస్తే, ఆవిడ ఎప్పుడో ఒప్పేసుకుంది, ఆయన ఒప్పుకోవడమే ఆలస్యం అన్నట్టుంది.

"మంచి పని. గట్టి పని," అన్నాడు తాత. "ఆవిడేది?"

"ఎవరు తాతా?"

"పిల్లాణ్ణి ఎత్తుకున్నావిడ. ప్రతి డాలరు మీదా ఉంటుందిగా. ఏది?"

"వెనకుంది."

"వెనకంటే? గుడ్డకేసి మొహం అదిమేసి కుట్టావా? పసివాడితో సహా?"

వదిన చేతులు కిందికి జారాయి. నేను నవ్వబోయి ఊరుకున్నాను, ఎందుకంటే తాత నవ్వట్లేదు.

"మనం వాన అడగడానికి పోతున్నాం. తల్లినీ బిడ్డనీ బోర్లా తొక్కేసి, ఆ తలకట్టు నెత్తిన పెట్టుకుని, ఏ మొహం పెట్టుకుని అడుగుతాం? తిప్పి కుట్టు."

"తిప్పితే అన్నీ ఒకటే బొమ్మ తాతా. సంతలో ఏ గద్ద డాలర్లు తెచ్చి కుట్టినా ఇలాగే ఉంటుంది. ఇక నేను వెతికినదంతా దేనికి?"

"అది నీకు తెలియాలి. ఆవిడ కనబడకపోతే ఈ తలకట్టు చౌకులోకి రాదు. ఇది రాకపోతే నీ మొగుడూ రాడు. అద్దెది కూడా పోగొట్టుకున్నారటగా."

తాత పోయాడు. అన్న తలకట్టు ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. నేను ధైర్యం చేసి, "సగం అటూ సగం ఇటూ కుట్టెయ్ వదినా" అన్నాను.

"ఎవరిని తిప్పెయ్యమంటావు చెప్పు. గుర్రాన్నా? మొక్కజొన్నావిణ్ణా?"

ఆ గుర్రం నాది.

అన్న కూర్చున్నచోటి నుంచే అన్నాడు, "తిప్పెయ్ దెల్ఫీ. వెనక ఏముందో నాకు తెలుసు. మోసేవాణ్ణి నేనే కదా."

ఆ మాటకి వదిన ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు, కత్తెర తెచ్చింది. స్టూలెక్కి, అన్నిటికంటే ముందు మొక్కజొన్నావిడ దగ్గరికే పోయింది. పెద్ద కష్టం ముందు పడితే మిగతావి తేలికని కాబోలు. కింది కుట్టు కత్తిరించింది. పై కుట్టుకి కత్తెర ఆన్చింది. అప్పుడు కొండ మీంచి మధ్యాహ్నపు గాలి వచ్చింది. (ఆ సమయంలో నేను ఈల వేస్తున్నాను. గాలికీ ఈలకీ ఉన్న సంబంధం తెలిసినవాళ్ళకి తెలుసు.) ఒంటి కుట్టు మీద వేలాడుతున్న బిళ్ళ అటూ ఇటూ ఊగి, గిర్రున తిరిగింది. మొక్కజొన్న. తల్లీబిడ్డా. మొక్కజొన్న. తల్లీబిడ్డా.

వదిన స్టూలు మీద అలాగే ఉండిపోయింది. తర్వాత కత్తెర పై కుట్టు నుంచి తీసి, పక్క బిళ్ళ కింది కుట్టుకి పెట్టింది. సాయంత్రానికి కింది కుట్లన్నీ పోయాయి, పై కుట్లన్నీ మిగిలాయి. అన్న నెత్తిన పెట్టుకుని పెరట్లో ఓ అడుగు వేశాడు. వదిన బిళ్ళలన్నీ ఒక్కసారిగా మేలుకున్నాయి.

అదే ఊపున తలకట్టుని గాడిద బండి మీద పెట్టుకుని తాత ఇంటికి పోయాం. తాత ఊదితే బిళ్ళలు తిరిగాయి. ఆయన మళ్ళీ ఊదాడు. ఎవరూ చూడట్లేదనుకుని మూడోసారి కూడా ఊదాడు. అప్పుడు మొహం గట్టిగా పెట్టుకున్నాడు.

"ఒంటి కుట్టు. ఆటలో రాలతాయి."

"రాలవు."

"నీకెలా తెలుసు?"

"నేను కుట్టాను."

"అయితే విను. నేను వెనకే నడుస్తాను. ఒక్క బిళ్ళ రాలినా అక్కడే తలకట్టు దించి ఇంటికి మోసుకుపొండి. దేవుడి దారిలో డాలర్లు చల్లుకుంటూ పోయే ఆట కాదిది."

పండగ రోజు, బస్సుకి జ్వరమొచ్చిందని ఓనరుకి చెప్పి నేను చౌకుకి పోయాను. ఒకే మనిషి ఒక చేత్తో పిల్లనగ్రోవి, ఒక చేత్తో డప్పు వాయిస్తూ ముందు నడుస్తున్నాడు. ఆటగాళ్ళు ఒకరి వెనక ఒకరు, గుడి మెట్ల మీద బాకాల బ్యాండు. వాళ్ళలో ఒల్మేదో అన్న. పరంజా మీద పిల్లిలా ఉండే మనిషి ఆ రోజు గజ్జెలు కొట్టి అడుగేస్తుంటే బాట రాళ్ళు పక్కకి జరిగి దారిచ్చాయి. అడుగడుక్కీ నెత్తిన బిళ్ళలు తిరుగుతున్నాయి, ఒకసారి తల్లి, ఒకసారి గుర్రం, ఒకసారి తల్లి, ఒకసారి తోడేలు. పక్కన మొక్కజొన్న కల్లు చిచా కూజా పట్టుకుని వదిన. వెనక రొసెందో తాత, నడుం వంచి, కళ్ళు నేలకి అంటించి, పోగొట్టుకున్న సూది వెతుకుతున్నవాడిలా.

మొదట చూసింది ఎర్మెలిందాయే. "అది నా మొక్కజొన్నావిడ," అంది, ఊరంతటికీ వినబడేలా. "దెల్ఫినాకి నేనే ఇచ్చాను." దాంతో సంత మొత్తం ఎగబడింది. మాంసం కొట్టువాడు తన తోడేలుని వెతుక్కున్నాడు. చెప్పులవాడు తన బాణాల్ని పెళ్ళానికి చూపించాడు. పాదిరిగారు కూడా కళ్ళజోడు సవరించుకుని, హుండీ డాలరు ఎటుందో చూసుకుంటూ ప్రార్థనలో ఓ ముక్క మింగేశాడు. ఇన్నాళ్ళూ పిచ్చి డాలర్లని వదిలించుకున్న ఊరు, ఇప్పుడు నాది నాది అని వేళ్ళు చూపిస్తోంది. వదిన గడ్డం కాస్త పైకెత్తింది. దాన్ని ఆ ఎత్తు నుంచి దించడానికి తర్వాత వారం పట్టింది.

చౌకు మలుపులో, టంగుమని ఏదో రాళ్ళ మీద పడింది.

పిల్లనగ్రోవి ఆగింది. అన్న ఉన్నచోటే నిలబడ్డాడు, ఒక కాలు గాల్లోనే. వదిన కూజాని గుండెలకి అదుముకుంది. తాత వంగి, గడ్డం కిందికి తెచ్చుకుని చూశాడు. వేళ్ళతో తీశాడు. ఎవరో తాగి పడేసిన బీరు మూత. తాత దాన్ని అటూ ఇటూ తిప్పి, వెనక ఏమైనా బొమ్మ ఉందేమోనని కూడా చూసి, జేబులో వేసుకుని, "కానివ్వండి" అన్నాడు.

ఆట చౌకు చుట్టూ తిరిగి గుడి మెట్ల దగ్గర ముగిసింది. ఒక్క బిళ్ళా రాలలేదు. అన్న చెమటతో ముద్దయిపోయి, చిచా కూజా కోసం చెయ్యి చాపాడు. అప్పుడు రొసెందో తాత మొదటిసారి నేల మీంచి కళ్ళెత్తి తలకట్టుకేసి చూశాడు. దారంతా కింద చూస్తూ నడిచినవాడికి ఊరంతా చూసినది ఒక్కటీ కనబడలేదు. అన్న నిలబడిపోయాడు కదా, బిళ్ళలూ నిలబడిపోయాయి, చాలావాటికి తల్లి మొహమే ఇటుంది.

"దెల్ఫినా, ఆ ఉల్లిపాయలావిడ అరుస్తోందే, మొక్కజొన్నావిడని. ఏది?"

"ఆడితేనే కనబడుతుంది తాతా."

తాత అన్నకేసి చూశాడు. అన్న కూజాకేసి చూశాడు.

"అయితే ఆడు," అన్నాడు తాత.

అన్న మళ్ళీ ఆడాడు. తాత మెడ వెనక్కి వాల్చి, నోరు కాస్త తెరిచి చూశాడు. మొక్కజొన్నావిడ అయ్యాక గుర్రం ఏదన్నాడు. గుర్రమయ్యాక పంచాయితీ అన్నాడు. మిగతా ఆటగాళ్ళు తలకట్లు దించి చిచా తాగుతుంటే మా అన్న ఒక్కడే చౌకు మధ్యలో ఆడుతూనే ఉన్నాడు, తాత అడుగుతూనే ఉన్నాడు. చివరికి తాత వదిన చేతిలోంచి కూజా తీసుకుని, తనే అన్నకి అందించాడు. ఆయన ఒక ఆటగాడికి చేత్తో చిచా అందించడం నేనెప్పుడూ చూడలేదు, నా కంటే పెద్దవాళ్ళూ చూడలేదన్నారు.

"వచ్చే ఏడు ఈ తలకట్టు ముందు నడవాలి," అన్నాడు వదినతో. "నేను వెనక నడవను. మెడ నొప్పి."

మర్నాడు పొద్దున్న అన్నా వదినల గుమ్మం ఎవరూ తట్టలేదు. తలకట్టు లోపలి గదిలో, కిటికీ పక్కనే ఉంది. ఇప్పటికీ అక్కడే ఉంది. గాలొచ్చినప్పుడల్లా ఇల్లంతా గలగలమంటుంది.

ఈ కథ నేను బస్సులో రోజూ చెబుతాను, దారి పొడుగునా. మొన్న కూడా చెప్పాను. ఆ బిళ్ళల మెరుపుకి బ్యాండువాళ్ళ కళ్ళు చెదిరి బాకాలు మూగబోయాయనీ, ఆ వెలుగు తగిలి కోతోపాక్సీ మంచు ఓ మూర కరిగిందనీ, అన్న ఆఖరి అడుగు వేస్తుండగానే ఆకాశం పగిలి వాన కుండపోతగా కురిసిందనీ చెప్పాను. ముందు సీట్లో చోచోల గోనె ఒళ్ళో పెట్టుకుని దెల్ఫినా వదిన కూర్చుందని చూసుకోలేదు. ఆవిడ పుహిలీ దాకా నోరు విప్పలేదు. దిగేటప్పుడు, మెట్టు మీద నిలబడి, బస్సులో అందరికీ కలిపి ఒకసారే చెప్పింది:

"బ్యాండువాళ్ళు దాహమేసి ఆగారు. వాన సోమవారం పడింది. బిళ్ళలు తిరిగాయి, ఒక్కటీ రాలలేదు. అంతే."